పులిరాజా ప్రశ్నయు, గుంటూరు లెక్కయు

2003 ప్రాంతమున ఆంధ్రప్రదేశమునందు బస్సు ఎక్కినవారెవ్వరును ఒక ప్రశ్నను తప్పించుకొనలేకపోయిరి. కూడళ్లయందు, పెద్ద పెద్ద బోర్డులమీద "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని వ్రాసియుండెను. ఆ పులిరాజా ఎవరో, ఏ ఊరివాడో ఎవరికిని తెలియదు. కొలది దినములలోనే ఆ మాట విద్యార్థుల నోట హాస్యమైనది. స్నేహితులు ఒకరినొకరు పులిరాజా అని పిలుచుకొని నవ్వుకొనిరి. ఇరువది సంవత్సరములు గడచిన పిమ్మట ఆనాటివారిని కదలించినచో ప్రశ్నను వెంటనే చెప్పుదురు. జవాబు చెప్పుమన్నచో తడుముకొందురు.

ఒక పాఠములో ప్రశ్న మాత్రమే నిలిచి జవాబు నిలువకపోయిన, ఆ పాఠమును గురించి ఉపాధ్యాయుడు ఏమనుకొనును? బోర్డును గూర్చి కూడ అట్లే ఆలోచింపవలెను. అది వినోదమునకు కట్టినది కాదు. ప్రజలకు ఆరోగ్యశాస్త్రము చెప్పుటకు కట్టినది.

దాని పుట్టుక బొంబాయిలో. పాపులేషన్ సర్వీసెస్ ఇంటర్నేషనల్ అను సంస్థ 2002 చివర అచ్చట "బల్బీర్ పాషాకు ఎయిడ్స్ వస్తుందా?" అను బోర్డులను నిలిపినది. పులిరాజా ఆ అచ్చులో పోసిన తెలుగు బొమ్మ. మొదట ప్రశ్న మాత్రమే వేసి జనమునకు ఉత్కంఠ కలిగించి, తరువాత కథను కొంచెము కొంచెముగ విప్పుట దాని పద్ధతి. బల్బీర్ పాషా మద్యము మత్తులో తొడుగు మరచును; మంజుల అను ఒక్క స్త్రీ వద్దకే పోవుదును గనుక భయము లేదనుకొనును; చూచుటకు ఆరోగ్యముగ నున్నవారివలన ఏమియు రాదని నమ్మును. ఈ మూడును నిజముగ జనులు చేయు పొరపాట్లే. హెచ్.ఐ.వి. దేహమున ప్రవేశించిన తరువాత మందు లేకున్నను ఎనిమిది పది సంవత్సరముల వరకు మనిషి పైకి ఆరోగ్యముగనే కనబడవచ్చును. కావున ముఖము చూచి నిర్ణయింపరాదను మాటను కథగా చెప్పుట మెచ్చదగినది.

అంతకు పూర్వము గోడలమీద ఎయిడ్స్ అనగానే పుర్రెలును ఎముకలును కనబడుచుండెడివి. భయము మనిషిని ఆసుపత్రికి తీసికొనిపోదు. రోగిని ఊరినుండి వెళ్లగొట్టించును. పుర్రె స్థానమున ప్రశ్నను నిలుపుటయే ఒక ముందడుగు. ఇంటిలో పలుకరాని మాటను పదిమందిలో పలికించుటయు చిన్న పని కాదు. ఇంతవరకు పులిరాజా పక్షమున చెప్పవలసినది.

ఇక లోపము. పులిరాజా వద్ద ఒక మగవాడున్నాడు. అతడు పోవు స్త్రీ ఉన్నది. అతని ఇంట నున్న స్త్రీ ఏది? ఆ ప్రశ్నను ఆమెవైపు త్రిప్పిన బోర్డు లేదు. ఆనాటి ఆంధ్రప్రదేశమున హెచ్.ఐ.వి. సోకిన స్త్రీలలో అధికసంఖ్యాకులు భర్త తప్ప మరియొకని ఎరుగని గృహిణులని వైద్యులందరును ఎరుగుదురు. బోర్డు చదివి జాగ్రత్తపడవలసిన మనిషి బోర్డులో లేదు. ఆమె చేతిలో జాగ్రత్తపడు అధికారమును లేదు. తొడుగు వాడుడని చెప్పుట భర్తతో చెప్పుట. అతడు వినకున్న ఆమె చేయగలిగినదేమని కథ చెప్పదు.

ఈ లోపము పులిరాజాతో పుట్టినది కాదు. ఈ దేశమున హెచ్.ఐ.వి. కనుగొనబడిన దినమునుండియు చూపు ఒకే ప్రక్కకు తిరిగియున్నది. 1986లో మద్రాసు వైద్య కళాశాలలో డాక్టర్ సునీతి సోలమన్ పర్యవేక్షణలో, సెల్లప్పన్ నిర్మల అను విద్యార్థిని సుమారు 80 మంది స్త్రీలవద్ద రక్తము సేకరించినది. వారిలో పలువురు వేశ్యావృత్తి కారణముగ నిర్బంధ గృహమున నుంచబడినవారు. ప్రయోగశాలలో సదుపాయములు లేనందున ఆ గొట్టములను ఇంటి ఫ్రిజ్‌లో దాచి, రాత్రి రైలులో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు తీసికొనిపోయి పరీక్షించిరి. ఆరు గొట్టములు రంగు మారినవి. ఆ యువతి చూపిన ధైర్యమును ఎంత పొగడినను తక్కువే. ఆనాడు ఎయిడ్స్ పాశ్చాత్యుల రోగము, ఇచ్చటికి రాదని పెద్దపెద్దవారే చెప్పుచుండిరి. కాని ఆ స్త్రీలవద్దకు వచ్చిపోయిన పురుషుల రక్తము తీసికొనవలెనన్న ఆలోచన అప్పటికి రాలేదు. తలుపులు మూసిన గృహములోనున్నవారు సులభముగ దొరకిరి; రోడ్డుమీద పోవువారు దొరకలేదు. ఎవరు దొరకుదురో వారినే కొలుచుట అను అలవాటు ఈ విషయమున ఆదినుండియు కలదు. దాని ఫలితము ఇరువది సంవత్సరముల తరువాత ఒక పెద్ద సంఖ్యయై బయటపడినది.

ఆ సంఖ్య ఎట్లు తయారైనదో చూడవలెను. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 1992లో ఏర్పడినది. 1998 నుండి దేశమంతట సంవత్సరమునకొకసారి కావలి కేంద్రముల ద్వారా పరిశీలన జరిగినది. కావలి కేంద్రమనగా ఎంపిక చేసిన ఆసుపత్రి. అచ్చటికి ఆ మూడు నెలలలో వచ్చిన గర్భిణీ స్త్రీలలో వరుసగా 400 మంది రక్తము పరీక్షింపబడును. సుఖవ్యాధుల చికిత్సాలయములయందు 250 మందిని తీసికొందురు. గర్భిణీ స్త్రీ రక్తమును సవాయి వ్యాధి పరీక్షకై ఎట్లును తీసికొందురు గనుక, మిగిలిన దానినుండి పేరు తొలగించి హెచ్.ఐ.వి. పరీక్ష చేయుదురు. పేరు లేదు గనుక ఎవరి రహస్యమును బయటపడదు.

అనగా బోర్డులో లేని స్త్రీ ఇచ్చట ఉన్నది. దేశపు లెక్క అంతయు ముఖ్యముగ ఆమె రక్తముమీదనే నిలిచినది. కాని పేరు లేని గొట్టమునకు ఫలితము చెప్పుటకు మనిషి ఉండదు. ఆమె రక్తము ప్రభుత్వమునకు ఒక అంకెను చెప్పినది. ఆమెకు మాత్రము ఏమియు చెప్పలేదు. చికిత్స లేని కాలమున ఈ పద్ధతిని ప్రపంచమంతటను అంగీకరించిరి. తల్లినుండి బిడ్డకు రోగము సోకకుండ కాపాడు నెవిరపిన్ మందు వచ్చిన పిమ్మట, 2004 ఏప్రిల్ 1 నుండి ఉచిత చికిత్స ఆరంభమైన పిమ్మట, అదే పద్ధతి మునుపటివలె నిర్దోషమని చెప్పుట కష్టము. మందు లేనప్పుడు రోగమున్న తల్లులకు పుట్టిన శిశువులలో నూటికి 15 నుండి 45 వరకు తల్లినుండి రోగమును పొందుదురు. వేరుగా పరీక్షా కేంద్రములు ఉన్నమాట నిజమే. కోరినవారు అచ్చట పరీక్ష చేయించుకొని ఫలితము తెలిసికొనవచ్చును. కాని కోరవలెనని ఆమెకు ఎవరు చెప్పిరి? బోర్డు ఆమె భర్తతో మాటలాడుచుండెను.

కావలి కేంద్రముల ప్రయోజనమేమో స్పష్టముగ గ్రహింపవలెను. చెరువు తూమువద్ద నీటిమట్టము చూపు రాయి ఒకటి నాటియుండును. నిన్నటికంటె నేడు నీరు పెరిగెనా, తగ్గెనా అను సంగతి ఆ రాయి చక్కగ చెప్పును. కాని చెరువులో మొత్తము ఎన్ని ఘనపుటడుగుల నీరున్నదో ఆ రాయి ఒక్కటే చెప్పలేదు. చెరువు ఎంత వెడల్పో, అడుగు ఎట్లున్నదో కూడ తెలియవలెను. కావలి కేంద్రములు నీటిమట్టపు రాళ్లు. ఒకే ఆసుపత్రిలో ఒకే విధముగ ఏటేట కొలిచినచో వ్యాధి పెరుగుచున్నదో తగ్గుచున్నదో తెలియును. ఆ పని అవి బాగుగనే చేసినవి. వచ్చిన చిక్కు అంతయు రాయిని చూచి చెరువు పరిమాణము చెప్పబోవుటలో నున్నది.

2005 సంవత్సరమునకు దేశములో హెచ్.ఐ.వి. తో జీవించుచున్నవారు సుమారు 52 లక్షలని జాతీయ సంస్థ లెక్క. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ సంస్థ దానిని 57 లక్షలని 2006లో ప్రకటించినది. దక్షిణాఫ్రికా సంఖ్య 55 లక్షలు గనుక భారతదేశము ప్రపంచమున ప్రథమస్థానము పొందినదని పత్రికలు పెద్ద అక్షరములతో వ్రాసినవి. అంతకు పూర్వమే 2002లో అమెరికా గూఢచారి శాఖల సమాఖ్య నివేదిక 2010 నాటికి ఈ దేశమున రెండు కోట్లనుండి రెండున్నర కోట్లవరకు రోగులుందురని జోస్యము చెప్పియున్నది. ఆ జోస్యమునకును, పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అను ప్రశ్నకును ఒక పోలిక కలదు. రెండును వచ్చునా రాదా అని అడిగినవి. ఎట్లు తెలిసినదని ఎవరును అడుగలేదు.

అడిగినది గుంటూరు జిల్లాలో. లలిత్ దండోనా, ఆయన సహచరులు 2004–05లో ఆ జిల్లా పల్లెలలోను పట్టణములలోను యాదృచ్ఛికముగ ఎంపిక చేసిన కుటుంబములకు పోయి, 15 నుండి 49 సంవత్సరముల వయస్సుగల 12 వేలకు పైగా స్త్రీ పురుషుల రక్తమును పరీక్షించిరి. ఆసుపత్రికి ఎవరు వత్తురా అని కూర్చుండలేదు, ఇంటికే పోయిరి. ఫలితము 2006లో బి.ఎం.సి. మెడిసిన్ అను పత్రికయందు వెలువడినది. ఆ వయస్సువారిలో నూటికి 1.7 మందికి పైగా హెచ్.ఐ.వి. ఉన్నది. జిల్లా మొత్తమున సుమారు 46 వేలమంది. కావలి కేంద్రముల పద్ధతిననుసరించి అదే జిల్లాకు వేసిన లెక్కయో, లక్షా 12 వేలకు పైన. రెండున్నర రెట్లు!

ఇంత వ్యత్యాసమునకు కారణము కిట్టులు కావు, దొంగలెక్కలు కావు. ప్రభుత్వ ఆసుపత్రికి పోవువారు జిల్లాకు ప్రతినిధులు కారు. బీదవారు అచ్చటికి ఎక్కువగ పోవుదురు. కలవారు ప్రైవేటు నర్సింగు హోములకు పోవుదురు. అంతేగాక, ప్రైవేటు వైద్యుడు గర్భిణీ స్త్రీకి పరీక్ష చేసి హెచ్.ఐ.వి. ఉన్నదని తెలియగనే, లేక అనుమానము కలుగగనే, పెద్దాసుపత్రికి పొమ్మని చీటి వ్రాసి చేతులు దులుపుకొనును. ఆమె పోయి కావలి కేంద్రపు వరుసలో నిలుచును. ఊరంతటనుండి ఏరి పంపబడినవారిని లెక్కించి, ఊరంతయు ఇట్లే యున్నదనుట ఎట్టిది? దానిపై సుఖవ్యాధుల చికిత్సాలయముల లెక్కను కలుపుట మరియొక పొరపాటు. కలుపనవసరము లేని సంఖ్యలు కలిసి మొత్తము ఉబ్బినది.

ఇందు ఒక విషాదము దాగియున్నది. గణితపు దోషమును పుట్టించినది వైద్యుని నిరాకరణ. రోగిని చేర్చుకొన నిష్టపడని నర్సింగు హోములు లేకున్నచో కావలి కేంద్రముల అంకెలు అంత వంకరపోయెడివి కావు. వెలివేత సమాజమునకు చేసిన హాని సంఖ్యాశాస్త్రమునకు కూడ చేసినది.

సంఖ్యలు ఎంత సున్నితమైనవో చూపుటకు మరియొక ఉదాహరణము. ఆ రోజులలో ఏ జిల్లాలోనైనను గడచిన మూడు సంవత్సరములలో ఏ కేంద్రమందైనను గర్భిణీ స్త్రీలలో నూటికి ఒకటి దాటినచో ఆ జిల్లాను మొదటి తరగతి ప్రమాదపు జిల్లాగా లెక్కించిరి. నాలుగు వందలలో నూటికి ఒకటి యనగా నలుగురు. దాటుటకు అయిదుగురు చాలును. నిజమైన వ్యాప్తి నూటికి 0.7 మాత్రమే యున్న ఊరిలో కూడ, కేవలము యాదృచ్ఛికముగ అయిదుగురు లేక అంతకు పైన తగులుట ఏడు సార్లలో ఒకసారి జరుగును. మూడేండ్లలో ఒక్కసారియైనను తగులుట పదింట నాలుగు సార్లు జరుగును. సంభావ్యత నేర్చుకొన్న విద్యార్థి ఈ లెక్కను కాగితముమీద చేసి చూడవచ్చును. ఒక జిల్లాకు వచ్చు నిధులు, దానిమీద పడు మచ్చ, ఒక్క గర్భిణీ స్త్రీ ఆ వారము ఆ ఆసుపత్రికి వచ్చెనా, పుట్టింటికి పోయెనా అను దానిపై ఆధారపడియుండెను. మూడేండ్ల సరాసరిని తీసికొనక ఎప్పుడైన దాటిన చాలుననుట గణితరీత్యా బలహీనమైన నియమము. ప్రమాదమున్న జిల్లాను వదలివేయుటకంటె లేని జిల్లాను చేర్చుకొనుట మేలని దానిని సమర్థింపవచ్చును. కాని ఆ మాట ప్రజలతో చెప్పి చేసినచో బాగుండెడిది.

గుంటూరులో కనబడినది దేశమంతటను త్వరలోనే రుజువైనది. 2005–06లో జరిగిన మూడవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో లక్షమందికి పైగా రక్తము పరీక్షించిరి. వ్యాప్తి నూటికి 0.28 అని తేలినది. ఆంధ్రప్రదేశమున 0.97. కుటుంబముల సర్వేకు కూడ లోపము కలదు: లారీలలో నిద్రించువారు, వసతి గృహములలోనివారు, వేశ్యావృత్తిలోనివారు దానికి దొరకరు, ఇంట దొరకినవారిలోను కొందరు రక్తమీయ నొప్పుకొనరు. కావున ఆ సర్వేను, 1,122 కు పెరిగిన కావలి కేంద్రముల వివరములను కలిపి క్రొత్త లెక్క వేసిరి. 2007 జూలైలో ప్రభుత్వము ఆ సంఖ్యను ప్రకటించినది: సుమారు 25 లక్షలు, వయోజనులలో నూటికి 0.36. మునుపటి సంఖ్యలో సగము కూడ లేదు.

అప్పుడు జనము రెండు విధములుగ మాటలాడిరి. రోగము సగమునకు సగము తగ్గినదని కొందరు సంతోషించిరి. అది తప్పు. రోగులు తగ్గలేదు, కొలబద్ద మారినది. క్రొత్త పద్ధతితో వెనుకటి సంవత్సరములకు కూడ లెక్క వేసినప్పుడు ఆ సంఖ్యలును తగ్గినవి. విదేశీ ధనము కొరకు లెక్కలు పెంచిరని మరికొందరు నిందించిరి. ఈ నింద ఇంకను వినబడుచున్నది గనుక దానిని విమర్శింపవలెను. ధనాశ గలవారు ఏ రంగమునందైనను ఉందురు. కాని దొంగలెక్క వ్రాయువారు తమ పద్ధతిని ప్రచురింపరు. ఇచ్చట పద్ధతి ప్రచురింపబడినది, కాబట్టియే గుంటూరులో దానిని పరీక్షించి తప్పు పట్టగలిగిరి. తప్పు పట్టిన తరువాత పెద్ద సంఖ్యను వదలి చిన్న సంఖ్యను ప్రకటించుట, ప్రపంచమంతయు చూచుచుండగ, ఏ ప్రభుత్వ శాఖకైనను గౌరవప్రదమైన పనియే. దోషము పద్ధతిలో కంటె ప్రకటనలో ఎక్కువ. 57 లక్షలని చెప్పినపుడు, "ఆసుపత్రులకు వచ్చిన గర్భిణీ స్త్రీలను కొలిచి ఇంతయని ఊహించితిమి" అని అంతే పెద్ద అక్షరములతో చెప్పలేదు. చెప్పియున్నచో 25 లక్షలని విన్నప్పుడు జనము నవ్వెడివారు కారు.

పరీక్షను గూర్చి ప్రజలకు చెప్పిన మాటలలోను ఇదే లోపము. పరీక్ష చేయించుకొనుడని బోర్డులు చెప్పినవి. పరీక్ష ఫలితమునకు అర్థమేమో చెప్పలేదు. ఒక ఊహాత్మకమైన ఉదాహరణము తీసికొందురు గాక. ఒక కిట్టు రోగమున్నవారి నెవ్వరిని వదలదు. రోగము లేనివారిలో వెయ్యికి అయిదుగురిని మాత్రము పొరపాటున పాజిటివ్ అని చూపును. చాల మంచి కిట్టే. నూటికి 0.2 మందికి మాత్రమే రోగమున్న చోట లక్షమందిని దీనితో పరీక్షించినచో, నిజమైన రోగులు 200 మంది. పొరపాటున దొరకినవారు సుమారు 500 మంది. పాజిటివ్ అన్న 700 మందిలో అయిదువందలమందికి రోగమే లేదు! ఇదే కిట్టును నూటికి 1.7 మందికి రోగమున్న చోట వాడినచో నిజమైనవారు 1,700, పొరపాటువారు సుమారు 490. అప్పుడు అయిదుగురు పాజిటివులలో నలుగురు నిజమైనవారే. కిట్టు మారలేదు, ఊరు మారినది.

అందుచేతనే పరీక్షా కేంద్రములయందు ఒకే కిట్టును నమ్మరు. మొదటి కిట్టు పాజిటివ్ చూపినచో, అదే రక్తమును వేరు వేరు పద్ధతులలో తయారైన మరి రెండు కిట్టులతో పరీక్షించి, మూడును ఏకీభవించిననే పాజిటివ్ అందురు. పై ఉదాహరణములోని 500 పొరపాట్లలో రెండవ కిట్టువద్ద మిగులునది ఇద్దరు ముగ్గురే. మూడవదానివద్ద వారును మిగులరు. నెగటివ్ ఫలితమునకు కూడ హద్దు కలదు. ఈ కిట్టులు చూచునది వైరస్‌ను కాదు, దానికి ప్రతిగా దేహము తయారుచేయు ప్రతిరక్షకములను. అవి తయారగుటకు కొన్ని వారములు పట్టును. ఆ లోపల చేసిన పరీక్ష నెగటివ్ అని చూపవచ్చును. అందుకే మూడు నెలల తరువాత మరల రమ్మందురు.

ఈ రెండు పాఠములు తెలియనందున నష్టపోయినది మరల ఆ ఇంటిలోని స్త్రీయే. కుటుంబమున మొట్టమొదట పరీక్ష జరుగునది గర్భిణీ స్త్రీకి. భర్తకు జరుగదు, ఆయనకు గర్భము లేదు గదా! మొదట తెలిసినది ఆమె సంగతి గనుక మొదట తెచ్చినది ఆమెయేనని అత్తవారు నిర్ణయింతురు. పరీక్ష జరిగిన వరుస వేరు, రోగము సోకిన వరుస వేరు. ఈ చిన్న తర్కము తెలియక ఎందరో బాలింతలు పుట్టిండ్లకు పంపబడిరి. పులిరాజా ప్రశ్నకు వెచ్చించిన బోర్డులలో పదవవంతు ఈ ఒక్క సంగతికి వెచ్చించియుండినచో ఎంతో మేలు కలిగెడిది.

పాఠశాలల సంగతి వేరుగ చెప్పవలెను. 2005లో కేంద్ర విద్యాశాఖయు జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థయు కౌమార విద్యా కార్యక్రమమును ఆరంభించినవి. 2007లో మహారాష్ట్ర, మధ్యప్రదేశ్, కర్ణాటక మొదలగు రాష్ట్రములలో దానిపై ఆందోళన రేగి కార్యక్రమము నిలుపబడినది. బొమ్మలు అసభ్యముగ నున్నవని ఒక పక్షము, పిల్లలకు తెలియవలెనని మరియొక పక్షము. వాదమంతయు ఎంత చెప్పవచ్చునను దానిమీదనే జరిగినది. ఎట్లు చెప్పవలెనను మాట వెనుకబడినది. చాల తరగతులలో ఆ పాఠము వచ్చినప్పుడు ఉపాధ్యాయుడు గొంతు సవరించుకొని, "ఇది ఇంటివద్ద చదువుకొనుడు" అని పుట త్రిప్పును. పిల్లలు ఆ పుటను మాత్రమే శ్రద్ధగ చదువుదురు. అందు వ్యాధి సోకు నాలుగు మార్గములు, సోకని పది మార్గములు వరుసగ వ్రాసియుండును. అవి కంఠస్థము చేసి మార్కులు తెచ్చుకొందురు. ఆ జాబితా అసత్యము కాదు. కాని దానిలో శాస్త్రము లేదు.

సిగ్గుపడనవసరము లేకుండ ఈ పాఠమును చెప్పుటకు ఒక ఉపాయము కలదు. వెయ్యి చింతగింజలను ఒక సంచిలో పోసి, పదింటికి సున్నపు చుక్క పెట్టవలెను. ఇది ఊరు. కన్నులు మూసికొని నూరు గింజలు తీసి, చుక్కలు లెక్కించి, మరల వేసి కలిపి, మరియొక విద్యార్థిచేత తీయింపవలెను. ఒకనికి ఒకటి వచ్చును, ఒకనికి సున్న, ఒకనికి మూడు కూడ రావచ్చును. అందరి లెక్కలను నల్లబల్లమీద వ్రాసిన సరాసరి ఒకటికి దగ్గరగ వచ్చును. పిమ్మట ఉపాధ్యాయుడు పిల్లలకు చెప్పకుండ ఒక ముంతలో చుక్క లేని 95 గింజలు, చుక్క గల 5 గింజలు వేసి, "ఇది ఆసుపత్రి, ఇందులోనుండి 40 తీసి ఊరిలో ఎన్ని చుక్కలున్నవో చెప్పుడు" అనవలెను. సుమారు రెండు వచ్చును. వెయ్యికి ఏబది అని పిల్లలు ఉత్సాహముగ చెప్పుదురు. అప్పుడు సంచిని బల్లమీద కుమ్మరించి చూపవలెను. ఎందుకు తప్పినదో పిల్లలే చెప్పుదురు. ఈ ప్రయోగమునకు ఏ రాష్ట్ర శాసనసభలోను అభ్యంతరము రాదు.

తరువాతి కాలమున లెక్కించు విధానము చాల మెరుగుపడినది. 2023 అంచనా ప్రకారము దేశమున హెచ్.ఐ.వి. తో జీవించుచున్నవారు 25 లక్షలకు పైన, వయోజనులలో నూటికి 0.20. ఈశాన్య రాష్ట్రములను విడిచినచో ఆంధ్రప్రదేశమున వ్యాప్తి ఇంకను ఎక్కువ. తెలంగాణ దాని వెనుకనే యున్నది. 2007 నాటి సంఖ్యయు నేటి సంఖ్యయు ఒకటిగనే కనబడుచున్నవి గదా, పని ఏమి జరిగినదని విద్యార్థి అడుగవచ్చును. జరిగినది: క్రొత్తగ సోకువారు తగ్గిరి, మందు వలన పాతవారు బ్రతికియున్నారు. చెరువులోనికి వచ్చు నీరును, పోవు నీరును రెండును తగ్గినచో మట్టము మారదు. 2017లో చేసి 2018 సెప్టెంబరు 10 న అమలులోనికి వచ్చిన చట్టము ప్రకారము సమ్మతి లేనిదే ఎవరికిని పరీక్ష చేయరాదు, ఫలితమును బయటపెట్టరాదు, రోగమున్నదని బడిలోగాని ఉద్యోగములోగాని చేర్చుకొన నిరాకరింపరాదు. గుంటూరు లెక్కను వంకరపెట్టిన ఆ చీటికి ఇప్పుడు చట్టము అడ్డుగ నున్నది.

పులిరాజా ప్రశ్నకు జవాబు కూడ మారినది. 2011లో తొమ్మిది దేశములలోని 1,763 దంపతులతో జరిగిన ఒక పరిశోధన ఫలితము వెలువడినది. అందు చెన్నైలో పాల్గొన్నది 1986లో మొదటి గొట్టములను పరీక్షింపజేసిన సునీతి సోలమన్ నెలకొల్పిన సంస్థయే. జంటలో ఒకరికి రోగముండి వారు మందును ముందుగనే ఆరంభించినచో, రెండవవారికి సోకుట నూటికి 96 వంతులు తగ్గినది. తరువాతి పరిశోధనలు మరింత దృఢముగ చెప్పినవి: మందు క్రమముగ వాడి, రక్తములో వైరస్ కొలతకు అందనంత తగ్గినచో, ఆ మనిషివలన భాగస్వామికి రోగము సోకదు. పులిరాజా పరీక్ష చేయించుకొని మందు వేసికొనినచో అతని భార్యకు భయము లేదు. ఆ మందు ఉచితము. 2003లో ప్రశ్నకు దొరకినంత పెద్ద అక్షరములు ఈ జవాబుకు ఇంకను దొరకలేదు.